ఒంగోలు కొండ మీద అయిదుగురు

హోస్ట్: శ్రోతలందరికీ వందనాలు. ఒక తమ్ముడు మనకు ఉత్తరం రాశాడు. ఉద్యోగ పరీక్షల్లో వరుసగా తప్పాడట. ఉపవాసముండి ప్రార్థించినా ఫలితం లేకపోయేసరికి గుడికి వెళ్లడమే మానేశాడు. “దేవుడు నాకు ఫలానా మేలు చేశాడని సంఘంలో సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు” అంటున్నాడు. అయ్యగారూ, ఈ తమ్ముడికి ఏం చెబుతారు?

పాస్టర్: చదువుతుంటే చాలా బాధ కలిగిందమ్మా. సంఘాల్లో గెలిచినవాళ్లకే మైకు అందుతోంది. అందుకే నాకు మన బాప్టిస్టు మిషన్ తొలి రోజులు గుర్తొచ్చాయి. అమెరికా మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. డేగారు ఆరోగ్యం చెడి 1853లో స్వదేశానికి వెళ్లిపోయారు.

హోస్ట్: ఆ తర్వాతే కదండీ, ఒంగోలు కొండ ప్రార్థన?

పాస్టర్: అవును, 1854 జనవరి 1 తెల్లవారుజామున. అదే మిషన్‌లోని మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, వారితో తెలుగు విశ్వాసులు కొందరు, మొత్తం అయిదుగురు కొండెక్కి ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. జాన్ క్లౌ వచ్చి అక్కడ స్థిరపడింది 1866లో! ఈలోగా 1862 ప్రాంతంలో మూసివేత మాట మళ్లీ వచ్చింది. మీరు పంపకపోయినా నేను తిరిగి వెళతానని జూయెట్ పట్టుబట్టారు.

హోస్ట్: 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని చిన్నప్పటినుంచీ వింటున్నాం.

పాస్టర్: ఆ సంఖ్య అందరికీ కంఠతా వచ్చు. దానికి ముందు జరిగినదే నాకు ముఖ్యం. 1876-78 కరువులో క్లౌగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించారు. జనం బాప్తిస్మం ఇవ్వమని వచ్చారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమోనని ఆగారు. అన్నేళ్లు ఫలితం కోసం కాచుకున్న మిషనమ్మా అది! తీరా ఫలితం గుమ్మంలోకి వస్తే ఇప్పుడు వద్దనగలిగింది. ఆత్మీయ ఎదుగుదల అని నేను దీన్నే అంటాను.

హోస్ట్: కాదనిపించుకున్నవాళ్ల సంగతి?

పాస్టర్: అక్కడికే వస్తున్నాను. వాళ్లలో ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు. ఊరు వెలివేసింది, కరువు కాల్చుకు తింది, చివరికి నమ్ముకున్న దొర కూడా ఆగమన్నాడు. అయినా కరువు పనులు అయిపోయాక, ఇక ఇచ్చేందుకు మిషన్ దగ్గర డబ్బు లేదని తెలిసీ తిరిగి వచ్చారు. ఓర్పు ఎలా ఉంటుందో నాకు వాళ్లలోనే బాగా కనబడుతుంది. మనం వాళ్ల పేర్లు కూడా గుర్తుపెట్టుకోలేదు.

హోస్ట్: కానీ అయ్యగారూ, ఈ తమ్ముడికి చివరిదాకా ఉద్యోగం రాకపోతే?

పాస్టర్: రాకపోవచ్చమ్మా. తప్పక వస్తుందని నేను మాటివ్వను, అలా మాటిచ్చే బోధను నమ్మొద్దని కూడా చెబుతాను. శ్రమ ఓర్పును కలుగజేస్తుందని పౌలు రోమా పత్రిక అయిదో అధ్యాయంలో రాశాడు, ఉద్యోగాన్ని కలుగజేస్తుందని రాయలేదు. ఆ అబ్బాయిని ఈ వారం పదమూడో కీర్తన గట్టిగా చదవమనండి. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు. అదీ ప్రార్థనే. ఆదివారం గుడికి రమ్మనండి, వెనక వరుసలో కూర్చున్నా చాలు. సాక్ష్యం చెప్పమని ఎవరూ అడగకుండా వాళ్ల పాస్టరుగారితో నేనే ఫోనులో మాట్లాడతాను.