ఫైల్ దాచుకునేవాడు పంక్ ఫ్యాన్ కాదు!

ముందే చెప్పేస్తున్నా. పంక్ అంటే గరుకుగా, వేగంగా సాగే రాక్ సంగీతం. అందులో అరుదైన ఎంపీ3 దగ్గర పెట్టుకుని "నీ దగ్గర ఏముందో చూపించు, అప్పుడిస్తా" అనేవాడు ఫ్యాన్ కాదు. వడ్డీ వ్యాపారి!

అరుదైన పాటలు బతికాయంటే దాచేవాళ్ల వల్లేనని కొందరంటారు. నేనంటా, చచ్చేదే వాళ్ల వల్ల. 1977లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్ సింగిల్‌ని, అంటే చిన్న రికార్డుని, అచ్చేసిన కంపెనీయే ఆ కాపీలు దాదాపు అన్నీ నాశనం చేసింది. మిగిలిన రికార్డు అరుదంటే ఒప్పుకుంటా. ఫైల్ అరుదేంటండీ? ఎన్ని కాపీలు తీసినా అరగదు, తరగదు!

మన బరంపురంలో మొబైల్ షాపుకెళ్లి పది రూపాయలిస్తే మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించేవాళ్లు. తెలుగు, ఒడియా, చివర్లో 'ఇంగ్లిష్ మిక్స్' అని ఓ ఫోల్డర్. అందులో ట్రాక్ 07. రెండు నిమిషాలు కూడా లేదు. 128 కేబీపీఎస్, అంటే నాసిరకం క్వాలిటీ, డ్రమ్స్ పక్కన తాళాలు గోపాల్‌పూర్ అలల్లా బుస్సుమనేవి. బ్యాండ్ పేరు లేదు, పాట పేరు లేదు. ఒళ్లు జలదరించింది!

పదేళ్లు వెతికా. చివరికి అరుదైన పాటలు సేకరించే ఒకతనికి ముప్పై సెకన్ల ముక్క పంపితే గుర్తుపట్టాడు. ఆ పాటున్న ఈపీ, అంటే కొన్ని పాటల చిన్న రికార్డు, మొత్తం తన దగ్గర ఉందట! బదులుగా ఏమిస్తావన్నాడు. నా దగ్గరేముంది? పేరైనా చెప్పమంటే చెప్పలేదు. పోయిన నెల అతని హార్డ్ డిస్క్ టక్‌టక్‌మని ఆగిపోయింది. బ్యాకప్ లేదు. ఆ ఈపీ ఇప్పుడు అతనికీ లేదు, నాకూ లేదు. కడుపు మండదా?

ఒకప్పుడు కుర్ర బ్యాండ్లు పాటలు పెట్టుకున్న సైట్ మైస్పేస్ సంగతి చూడండి. సర్వర్లు మార్చేటప్పుడు 5 కోట్లకు పైగా పాటలు పోయాయని 2019లో బయటపడింది. ఎందరో కుర్రాళ్ల డెమోలు, అంటే తొలి ప్రయత్నపు రికార్డింగులు, అక్కడ తప్ప ఇంకెక్కడా లేవు. ఓ పరిశోధక బృందం ముందే కాపీ తీసుకున్న 4,90,000 పాటలు మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత నెట్ లైబ్రరీకి చేరాయి. వాళ్లూ దాచారుగా అంటారా? దాచారు, తీసి అందరికీ ఇచ్చారు!

ఫుగాజీ అనే అమెరికా పంక్ బ్యాండ్ అయితే సొంత కచేరీల రికార్డింగులే, 800కు పైగా ఉన్నవి, 2011 నుంచి నెట్‌లో పెడుతూ వచ్చింది. మొదలుపెట్టినప్పుడు ధర 5 డాలర్లు, లేదంటే 1 నుంచి 100 దాకా మీకు తోచినంత. పంక్ అంటే అదీ!

పర్లాకిమిడి, రాయగడ, జయపురం తమ్ముళ్లూ, అటక మీద డబ్బాల్లో పాత కార్డులుంటే తీయండి. 'ఇంగ్లిష్ మిక్స్' కనిపిస్తే తెరవండి. ఇదిగో, నా ట్రాక్ 07 వినిపిస్తున్నా. ఎవరిదో గుర్తుపట్టండి.