బరంపురంలో పట్టా పండగ: చుట్టాల కుర్చీలోంచి రివ్యూ

అందరికీ నమస్తే. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఛానెల్‌లో ఇన్నాళ్ళూ కుక్కర్లు, మిక్సీలు, ఒకసారి ఎందుకో ఒక పరుపు కూడా రివ్యూ చేశాను. ఈ రోజు చేసేది డబ్బు పెట్టి కొనే వస్తువు కాదు. కాదన్నానా? కాసేపాగండి, ఆ లెక్కా వస్తుంది. మొన్న మా అక్క కూతురి గ్రాడ్యుయేషన్ డేకి వెళ్ళాం. బీకాం. కాలేజీ పేరు చెప్పను, ఎన్నిసార్లు అడిగినా చెప్పను. పిల్లకి ఇంకా ఆ ఆఫీసుతో పనుంది. ఏం పనో కూడా వస్తుంది.

గౌను ఎలా వేసుకోవాలి, టోపీ ఎలా ఎగరేయాలి, వీటి మీద వీడియోలు బోలెడున్నాయి. వాళ్ళ వెంట వెళ్ళి వెనక వరస ప్లాస్టిక్ కుర్చీల్లో నాలుగు గంటలు కూర్చునే అమ్మల్ని, అమ్మమ్మల్ని, పిన్నుల్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఈ వీడియో వాళ్ళకి.

ఊరు తెలియని వాళ్ళకి ఓ ముక్క చెప్పి మొదలుపెడతా. మ్యాపులో బ్రహ్మపూర్ అని ఉంటుంది. ఒడిశా, గంజాం జిల్లా. మేం బరంపురం అంటాం. ఇచ్ఛాపురం దాటి కాస్త ముందుకొస్తే మా ఊరే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి గారు పుట్టిన ఊరు. ఈ ఊళ్ళో 'పట్టా' అంటే రెండర్థాలు. ఒకటి డిగ్రీ, మనందరికీ తెలిసిన తెలుగు అర్థం. రెండోది బరంపురం పట్టా, అంటే ఇక్కడ నేసే పట్టుచీర. మా అమ్మ పుట్టింట్లో ముందు గదిలో గుంట మగ్గం ఉండేది. కాబట్టి ఆవిడకి పట్టా అంటే ముందు చీరే గుర్తొస్తుంది, డిగ్రీ తర్వాత. ఇది గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు పాసులు. ఒక్కో పిల్లకి రెండు. మేం ఏడుగురం. ఇచ్ఛాపురం నుంచి అత్తయ్యా మావయ్యా తెల్లవారుజామునే లేచి వచ్చేశారు, వాళ్ళని గేటు బయట నిలబెట్టలేం కదా. నాకు రాత్రంతా టెన్షన్. తీరా గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి మా అమ్మని చూసి "మావుసీ, జాఆంతు", అంటే పిన్నీ వెళ్ళండి అని పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ వెనకాల మేమంతా రైలుపెట్టెల్లా లోపలికి. అందుకని మీకు నేనిచ్చే మొదటి సలహా: పాసులు తక్కువ పడితే ముందు పెద్దావిడని నడిపించండి.

లోపల షామియానా. ముందు ఆరు వరసలు సోఫాలు, వాటి మీద తెల్ల గుడ్డలు, అవి అతిథులకి. తర్వాత గౌన్లు వేసుకున్న పిల్లలు. ఆ తర్వాత తాడు. తాడు ఇవతల మేం. స్టేజీ మీద మనుషులు బొటనవేలంత కనిపిస్తారు. ఒక్కటే స్క్రీన్ పెట్టారు, దాని ముందే వీడియో తీసేవాళ్ళ స్టాండు.

ఇక గౌను. ఇందాక కొనే వస్తువు కాదన్నాను చూడండి, అద్దె, డిపాజిట్ కలిపి వెయ్యి దాటింది. మధ్యాహ్నం రెండు లోపల అప్పజెప్తేనే డిపాజిట్ వెనక్కిస్తారు. నల్లటి పాలిస్టర్. దగ్గరికి వెళ్తే ఎవరిదో పాత సెంటు వాసన. భుజం దగ్గర పిన్నీసు గుచ్చిన బొక్కలు వరసగా ఉన్నాయి, బ్యాచికొకటి అనుకోండి. పిల్ల లోపల వాళ్ళమ్మ పెళ్ళినాటి బరంపురం పట్టా కట్టుకుంది. ముదురెరుపు చీర, అంచు పొడుగునా గుడి గోపురాల్లా పైకి లేచే మొనలు. ఫొడా కుంభ అంటారు, ఆ అంచే ఈ చీరకి గుర్తు. గౌను తగిలించేసరికి చీర మొత్తం మాయమైపోయి పాదాల దగ్గర నాలుగు వేళ్ళ అంచు మిగిలింది. మా అమ్మ కింద నుంచి పైదాకా చూసి "ఏటే ఇది, అంత చీర కట్టించి గొడుగుగుడ్డ కప్పీసేరు" అంది.

ఆవిడ అన్నది పాతకాలం మాటలా ఉంది గానీ, పెద్ద పెద్దవాళ్ళు కూడా అన్నదే. ఈ గౌను ఎక్కడో చలిదేశాల్లో, రాతి హాళ్ళలో చదువుకున్న చర్చివాళ్ళ అంగీ. 2010లో భోపాల్‌లో ఒక స్నాతకోత్సవంలో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ స్టేజీ మీదే గౌను విప్పేసి, ఈ వలసపాలన నాటి వేషం మనకెందుకని అడిగారు. 2015లో యూజీసీ, అంటే యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ, యూనివర్సిటీలకి ఉత్తరం రాసింది, స్నాతకోత్సవాల్లో చేనేత బట్టలు వాడండని. 2019లో మళ్ళీ గుర్తుచేసింది. 2024లో కేంద్ర ఆరోగ్యశాఖ తన కింద ఉన్న వైద్య సంస్థలకి, మీ రాష్ట్రం సంప్రదాయాన్ని బట్టి డ్రెస్ తయారు చేసుకోండని చెప్పింది. ఇక్కడేమో ఊరే పట్టు ఊరు. ఫలానా ఊరి సరుకని ఇచ్చే జీఐ గుర్తింపులో చీరతో పాటు 'జోడా' కూడా ఉంది, అంటే మగవాళ్ళ పంచె, కండువా. పిల్లలందరి మెడలో కుంభం అంచు కండువా ఒకటి వేస్తే సరిపోయేది. దాని బదులు పాలిస్టర్ అద్దెకి తెచ్చి, డిపాజిట్ పట్టుకుని, టైము పెట్టారు. గౌనుకి నా మార్కులు పదికి రెండు. ఆ రెండూ జేబుకి, పిల్ల ఫోను అందులో పట్టింది.

దీపం వెలిగించారు, రాష్ట్ర గీతం పాడారు, కాలేజీ రిపోర్టు చదివారు, ముఖ్య అతిథి మాట్లాడారు. అతిథి గారి ఇంగ్లీషు ఉపన్యాసం నలభై నిమిషాలు. దాని గురించి నేను చెప్పగలిగింది ఇంతే: ఇచ్ఛాపురం మావయ్య చక్కగా నిద్రపోయారు. కుర్చీ మంచిదే అన్నమాట.

తర్వాత ప్రతిజ్ఞ మాత్రం బాగుంది. పిల్లలందర్నీ నిలబెట్టి సంస్కృతంలో చెప్పించారు. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికెళ్ళే శిష్యుడికి గురువు చెప్పే మాటలవి. సత్యం వద, ధర్మం చర. మాతృదేవో భవ అనేసరికి మా అమ్మ సర్దుకుని కూర్చుంది. పొద్దుట్నుంచి మైకులో వచ్చినవాటిలో ఆవిడకి అర్థమైన మొదటి మాట అది. అందులోనే 'స్వాధ్యాయాన్మా ప్రమదః' అని కూడా ఉంది, చదవడం మానొద్దని. తర్వాత పిల్లకి చెప్తే "పిన్నీ, మళ్ళీ ఎంకాం అని మొదలెట్టకు" అంది.

ఇక అసలు ఘట్టం, పేర్లు పిలవడం. నా రివ్యూలో సగం దీని గురించే ఉండాలి. ఎందుకంటే నా దగ్గర దాని వీడియో లేదు.

అవును, ఛానెల్ నడిపేదాన్ని, ఆ ఒక్క ముక్కే తీయలేకపోయాను. ఏం జరిగిందంటే, ఒక్కో పిల్లకి పట్టుమని పది సెకన్లు. పేరు, మెట్లు, ఫైలు, ఫోటో, దిగడం. నేను ఫోను ఎత్తిపట్టి, 'వరలక్ష్మి' అని వినపడగానే నొక్కుదామని బటన్ మీద వేలు పెట్టుకుని ఉన్నా. ఒడియా నోట్లో మన 'అ' కాస్త 'ఒ' అవుతుంది, 'వ' కాస్త 'బ' అవుతుంది. ఇంటిపేరు మనం ముందు పెట్టుకుంటాం, ఫారాల్లో అది చివరికి పోతుంది. స్పీకరులో గరగరమంటూ "బొరొలొఖ్మి" అని వచ్చింది, వెనకాల ఇంటిపేరు సగం గాల్లో కలిసిపోయింది. అత్తయ్య "ఎవరో పాపం, ఏం పేరో" అంటోంది. అంతలో మా అక్క మోచేత్తో నన్ను ఒక్క పోటు పొడిచింది. స్టేజీ మీద ఓ నల్లగౌను నడుస్తోంది. కింద ఎర్రటి అంచు కదులుతోంది, కుంభం మొనలతో సహా.

మా అక్క తన కూతుర్ని పోల్చుకుంది ఆ నాలుగు వేళ్ళ అంచు చూసి. అంత దూరానికి ముఖాలు కనపడవు, పేరేమో మాకెవరికీ అందలేదు. నేను రికార్డు నొక్కేసరికి పిల్ల అవతలి మెట్లు దిగుతోంది. ఇప్పుడు మీరు చూస్తున్న క్లిప్ పక్క వరసలో ఉన్న ఒక పెద్దాయన ఫోనులోంచి అడిగి తీసుకున్నది. మధ్యలో కనిపించే ఆ మచ్చ ఆయన వేలు.

నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. బడిలో నన్నూ అలాగే పిలిచేవారు. అయినా నా చెవి ఎందుకు మోసం చేసిందా అని రాత్రి ఆలోచిస్తే తట్టింది, ఇంటి పిల్ల కోసం కాచుకున్నప్పుడు ఇంట్లో పిలిచే పిలుపు కోసమే వింటాం. పిల్ల మాత్రం మొదటి అక్షరానికే లేచి నిలబడిందట. "అదేంటే, నీకెలా తెలిసింది" అంటే, "నా పేరేగా పిన్నీ" అంది, విచిత్రంగా చూస్తూ. దానికి వరలక్ష్మి, బొరొలొఖ్మి రెండూ సొంత పేర్లే. అమ్మ పిలిస్తే ఒకలా, అటెండెన్సులో ఒకలా, చిన్నప్పట్నుంచీ అంతే.

కాబట్టి చుట్టాలూ, పేరుని నమ్ముకోకండి. పిల్లకి ముందు నిలబడే ఇద్దరి పేర్లు ముందే రాసుకోండి. మొదటివాళ్ళ పేరు వినపడగానే రికార్డు మొదలుపెట్టి ఆపకుండా ఉంచేయండి. సౌండు సిస్టం ఫెయిల్. బ్యాక్ పేపర్ రాసుకోవాల్సిందే.

ఇక ఫైలు. మెరూన్ రెక్సిన్, మీద బంగారు అక్షరాలు, లోపల శాటిన్ గుడ్డ, నాలుగు మూలలా రిబ్బన్లు. చూడ్డానికి చాలా బాగుంది. పిల్ల దాన్ని తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టింది. మా అమ్మ కళ్ళకద్దుకుని తెరిచింది. లోపల ఏమీ లేదు.

ఇది మోసం కాదు, నాకే తెలియక కంగారుపడ్డాను. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ, కాలేజీ కాదు. అనుబంధ కాలేజీ చేసే గ్రాడ్యుయేషన్ డే ఒక సత్కారం లాంటిది. అసలు పట్టా యూనివర్సిటీ నుంచి రావాలి. మార్కుల లిస్టులు పెట్టి, ఫీజు కట్టి, అప్లై చేసుకోవాలి. అర్హత వచ్చిన 180 రోజుల లోపల పట్టా ఇచ్చేయాలని 2008 నాటి యూజీసీ నిబంధనలు చెప్తున్నాయి. డిజిలాకర్‌లో కూడా పట్టాలు పెడుతున్నారు, పిల్లల చేత అకౌంటు తెరిపించి, మార్కుల లిస్టులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. మా పిల్లకి సరిగ్గా అక్కడే వచ్చింది తంటా. ఇంటిపేరు ఒకదాంట్లో ముందుంది, ఒకదాంట్లో వెనకుంది. అదీ కాలేజీ ఆఫీసులో పని. లైబ్రరీ నో డ్యూస్ కూడా ఒకటి పెండింగ్. ఈ సంగతి ఆహ్వానంలోనే ఒక్క లైను రాస్తే ఏం పోయేది? 'ఆ రోజు ఇచ్చేది ఫైలు మాత్రమే' అని. మా వరసలో ఇంకో ఇద్దరు తండ్రులు కూడా ఫైలు తిరగేసి దులిపి చూశారు.

భోజనం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ప్యాకెట్. పులావు, దాల్మా, ఒక రసగుల్లా. దాల్మా బాగుంది. నీళ్ళ సీసాలు అయిపోయాయి.

మొత్తం మీద సెకండ్ క్లాసు. వెళ్ళొచ్చా అంటే వెళ్ళండి, మానకండి. గొడుగు, మంచినీళ్ళు, అదనపు బ్యాటరీ పట్టుకెళ్ళండి. బ్యాటరీ ఉండి కూడా నేనేం చేశానో చూశారుగా.

ఒకటి మర్చిపోయా. రెండుకి పది నిమిషాలుండగా పరిగెత్తి గౌను అప్పజెప్పాం. డిపాజిట్ చేతిలో పడింది. గౌను తీసేస్తే పిల్ల ఎర్రచీరలో మళ్ళీ మా పిల్లలా అయింది. మా అమ్మ ఆ డబ్బుతో స్టూడియోకి పోదాం అంది. అక్కడ కుర్చీలో కూర్చున్నాక పిల్ల చేతిలోంచి ఫైలు తీసుకుని, "ఖాళీది పట్టుకుని ఫోటో దిగకూడదు" అని, తన సంచిలోంచి రెండు తమలపాకులు, ఒక పోకచెక్క, నూటపదహార్లు తీసి లోపల పెట్టింది. వంద నోటు, పది నోటు, ఒక అయిదు బిళ్ళ, ఒక రూపాయి బిళ్ళ. పోకచెక్కకి ఫైలు మూత పడలేదు, ముందుకి ఉబ్బింది. స్టూడియో అబ్బాయి మనవాడే, "అమ్మా, ఫైలు కొంచెం నొక్కి పట్టుకోమనండి, ఫోటోలో ఎత్తుగా వస్తోంది" అన్నాడు.

"రానీ బాబూ" అంది మా అమ్మ. ఇదిగో, ఆ ఫోటో ఇదే.