నిమ్మపాదులో మట్టిపెళ్ల

శ్రోతలకు నమస్కారం. గూడూరు, పొదలకూరు, రాపూరు వైపు నిమ్మతోటల వాళ్లు ఇద్దరు కలిస్తే ముందు ధర మాట, తర్వాత మందుల మాట. మట్టి దాకా వచ్చేసరికి టీ అయిపోతుంది. ఈ పూట మట్టితోనే మొదలుపెడదాం.

ఒకాయనది సేంద్రియ తోట, పక్కాయనది యూరియా, డీఏపీ లాంటి రసాయన ఎరువులు వేసే తోట. ఎవరి నేల బాగుంది? మట్టిపెళ్లను నీళ్లలో వేస్తే చాలావరకు తెలిసిపోతుంది.

రెండు గాజు గ్లాసులు, రెండు టీ వడకట్టే జాలీలు, వాననీళ్లు కావాలి. వాననీళ్లు లేకుంటే వాటర్ ప్లాంటు క్యాను నీళ్లు. బోరు నీళ్లు వద్దు, కారణం తర్వాత చెబుతాను.

కొమ్మల అంచు కింద, రాలిన ఆకు పక్కకు తోసి, రెండు నుంచి నాలుగు అంగుళాల లోతు మట్టిని పారతో లేపండి. డ్రిప్పు చుక్క పడేచోటు, కొత్తగా ఎరువు వేసినచోటు వదిలేయండి. గోళీకాయంత పెళ్లలు మూడు నాలుగు ఏరండి. పిసికి ఉండ చేయకూడదు, విరిగినవి విరిగినట్టే ఉండాలి. కంచె పక్కన, ఏళ్లుగా దున్నని గడ్డి నేలలో ఇంకో మూడు నాలుగు తీయండి. మట్టి రకం మాత్రం ఒకటే కావాలి. మనకు కొలబద్ద ఆ కంచె మట్టే.

నీడన రెండు మూడు రోజులు ఆరనివ్వండి. పూర్తిగా ఎండాలి. మళ్లీ చెబుతున్నా, పూర్తిగా ఎండాలి. ఎండిన పెళ్ల సందుల్లో గాలి ఉంటుంది. నీళ్లు ఒక్కసారిగా లోపలికి దూరితే ఆ గాలి ఒత్తిడికి పెళ్ల పగులుతుంది. వేర్లు, శిలీంధ్రపు పోగులు, సూక్ష్మజీవులు కలిసి పెట్టిన జిగురు ఉంటే తట్టుకుంటుంది. తడిపెళ్లలో ఆ గాలి ఉండదు, అందుకే చెడ్డ మట్టి కూడా మంచిదిలా నిలబడుతుంది.

జాలీని గ్లాసులో ఆనించి, అది మునిగేదాకా నీళ్లు పోసి, పెళ్లను మెల్లగా దించండి. ఐదు నిమిషాలు చూడండి. కంచె పెళ్ల నిలిచి, పాదు పెళ్ల నిమిషంలోనే కూలిందంటే వానకు మీ పాదు పైపొర అట్టకడుతుంది. నీళ్లు దిగవు, వేర్లకు గాలి ఆడదు. నిలిచిన పెళ్లను కూడా తీసి వేళ్లతో నొక్కండి. రాయిలా ఉంటే అది జిగురు బలం కాకపోవచ్చు, ట్రాక్టరు తొక్కిన గట్టిదనం కావచ్చు.

ఇక్కడ సేంద్రియ రైతులు నొచ్చుకోకూడదు. కలుపుమందు మానేసి, దాని బదులు ఏడాదికి నాలుగైదుసార్లు మట్టిని పొడిచేసే రోటవేటర్ తిప్పితే మీ పెళ్లా కూలుతుంది. వేసిన ఎరువు త్వరగా హరించుకుపోతుంది, శిలీంధ్రపు పోగులు తెగుతాయి. నిమ్మవేరుకు నూగు తక్కువ. భాస్వరం, జింకు అందడానికి ఆ పోగుల సాయం చాలా అవసరం. రసాయన తోటలో తప్పు ఇంకో రకం. మట్టి పరీక్ష లేకుండా ఏటా డీఏపీ వేస్తే భాస్వరం పేరుకుని ఆ శిలీంధ్రం మందగిస్తుంది, జింకు అందదు. ఆకులు చిన్నవై, వాటి ఈనెలకు మధ్య భాగం పసుపుబారుతుంది. అప్పుడు జింకు పిచికారీ చేస్తారు, డీఏపీ మాత్రం తగ్గించరు!

మిగిలిన పెళ్లలను మళ్లీ తేటనీళ్లలో దించి, గ్లాసులను కదపకుండా మర్నాటి దాకా ఉంచండి. పెళ్ల చుట్టూ పాలు కలిపినట్టు మసక తేలితే సోడియం ఎక్కువైందని అనుమానించాలి. అలాంటి నేలకు ఎరువొక్కటే చాలదు. మట్టి, బోరు నీళ్లు రెండూ ల్యాబుకు పంపితే, సోడియాన్ని తగ్గించే జిప్సం ఎంత వేయాలో వాళ్లు చెబుతారు. బోరు నీళ్లు వద్దన్నది ఇందుకే, వాటిలోని ఉప్పు మసకను కిందికి దించేసి నీళ్లను తేటగా చూపిస్తుంది. ఉలవపాడు వైపు ఇసుక మామిడితోటల వాళ్లు ఈ శ్రమ పడొద్దు, ఇసుక ఎలాగూ పెళ్ల కట్టదు.

పెళ్ల కూలితే ముందు పాదులో దున్నడం మానండి. వానలకు సాళ్ల మధ్య జనుము చల్లి, పూత మొదలవగానే, 45 నుంచి 50 రోజులకు కోసి, పాదులో నాలుగు అంగుళాల మందాన పరవండి. మొదలుకు అడుగు దూరం వదలండి. ఆనించారంటే ఆ తేమకు బంక తెగులు వస్తుంది. గొర్రెల మంద కట్టిస్తే ఇంకా మేలు, లేత తోటలో మాత్రం వద్దు. ఎరువు పడేలోపు చిగుళ్లు పోతాయి.

పరీక్ష చేసిన చెట్టుకు రంగు గుర్తు పెట్టండి. వచ్చే ఏడు ఇదే నెలలో, అదే చెట్టు కింద, అదే లోతులో మళ్లీ పెళ్ల తీయండి. మొదటి ఏడాదే మార్పు కనబడకపోవచ్చు, రెండు మూడేళ్లు చూడాలి. నమస్కారం.