చట్టం ఎక్కడ ఓడింది: అమెరికాలో పిల్లలు, హింసాత్మక వీడియో గేములు, ప్రభుత్వం

సభకు నమస్కారం.

పిల్లల చేతికి హింసాత్మక వీడియో గేములు అందకుండా ప్రభుత్వం అడ్డుపడాలా వద్దా అన్న గొడవ అమెరికాలో 1976 నుంచీ ఉంది. ఆ ఏడాది వచ్చిన 'డెత్ రేస్' అనే ఆర్కేడ్ ఆటలో (బయట నాణెం వేసి ఆడే యంత్రం ఆట), నలుపు తెలుపు తెర మీద పుల్లల్లాంటి ఆకారాలను కారుతో గుద్దితే ఒక అరుపు వినిపించి, ఆ చోట సమాధి గుర్తు లేచేది. ఆట అంతే. దాని మీద లేచిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ తెగలేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 'హింస' అనే మాటను పట్టుకుని రాసిన రాష్ట్ర చట్టాలు ఫెడరల్ కోర్టులకు వెళ్లి, చివరికి పడిపోయాయి. అమ్మే పద్ధతిని, డబ్బు వసూలు చేసే పద్ధతిని పట్టుకున్న చర్యలు మాత్రం ఫలితం చూపించాయి. పిల్లల మేలు నిజంగా కోరే చట్టసభ సభ్యుడు ముందు ఈ తేడా దగ్గర ఆగాలి.

ఈ రాజకీయం ఊపందుకున్నది 1993లో. 'మోర్టల్ కాంబాట్' ఆ ఏడాది సెప్టెంబరులో ఇళ్లలోని గేమ్ యంత్రాలకు వచ్చింది. నింటెండో తన యంత్రంలో రక్తాన్ని తీసేసి చెమటలా కనిపించే రంగు పెట్టింది. సెగా రక్తాన్ని ఉంచి, ఒక బటన్ల వరుస నొక్కితేనే కనిపించేలా దాచింది. ఆ వరుస బడి పిల్లలందరికీ నోటికి వచ్చేసింది. సెగా ఆటే ఎక్కువ అమ్ముడుపోయింది. డిసెంబరు 9న సెనేటర్లు జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ విచారణ పెట్టారు. పరిశ్రమ తనంతట తాను రేటింగ్ పద్ధతి తెచ్చుకోకపోతే ప్రభుత్వమే తెస్తుందని మరుసటి ఏడాది బిల్లు పెట్టారు. ఆ ఒత్తిడికే 1994 సెప్టెంబరులో ఈఎస్ఆర్‌బీ అనే రేటింగ్ బోర్డు పుట్టింది. ఆ బిల్లు చట్టం కాలేదు, కానీ చేయాల్సిన పని చేసేసింది.

ఈ రేటింగ్ ఎలా ఇస్తారో తెలియకుండా చాలామంది వాదిస్తుంటారు. డబ్బాలో అమ్మే గేమైతే, ప్రచురణ సంస్థ ఒక వివరమైన ప్రశ్నపత్రం నింపాలి. అన్నింటికన్నా తీవ్రమైన దృశ్యాలు, బూతులు, జూదం, మత్తు పదార్థాల ప్రస్తావనలు అన్నీ కలిపి వీడియో పంపాలి. శిక్షణ పొందిన కనీసం ముగ్గురు దాన్ని చూసి సిఫార్సు చేస్తారు. విడుదలకు ముందు వాళ్లు గేము మొత్తం ఆడరు. డజన్ల గంటల ఆటను, అదీ ఇంకా తప్పులు సరిచేస్తూ ఉన్న దశలో, మొత్తం ఆడి చూడటం కుదిరే పని కాదు. కాబట్టి సంస్థ నిజాయితీగా అన్నీ చూపించిందన్న నమ్మకం మీదే ఇదంతా నడుస్తుంది. దాచితే జరిమానా ఉంటుంది, గేమును వెనక్కి పిలిపించే అధికారం ఉంటుంది. 'ఎం' అంటే 17 దాటినవారికి, 'ఏఓ' అంటే 18 దాటినవారికి. ఏఓ పడితే గేమ్ యంత్రాల సంస్థలు అనుమతించవు, పెద్ద దుకాణాలు అల్మారాలో పెట్టవు. వ్యాపారం దాదాపు పోయినట్టే.

2005లో ఈ నమ్మకం బీటలు వారింది. 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్' డిస్క్‌లో ఆటగాళ్లకు మామూలుగా కనిపించని ఒక లైంగిక దృశ్యం మిగిలిపోయింది. బయటివాళ్లు రాసిన చిన్న ప్రోగ్రాం దాని తాళం తీసింది. జులైలో ఈఎస్ఆర్‌బీ రేటింగును ఎం నుంచి ఏఓకు మార్చింది, దుకాణాలు డబ్బాలు తీసేశాయి. డిస్క్‌లో దాగి ఉన్న సరుకు కూడా బోర్డుకు చెప్పాల్సిందేనన్న నియమం ఆ దెబ్బతోనే వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో సెనేటర్లు హిల్లరీ క్లింటన్, లీబర్‌మన్, ఎవాన్ బై కలిసి, ఎం గేములు పిల్లలకు అమ్మితే జరిమానా వేసే బిల్లు తెచ్చారు. అది ముందుకు సాగలేదు. అసలు గొడవ లైంగిక దృశ్యం మీద. మందు మాత్రం హింసకు రాశారు. ఈ కలగాపులగం తర్వాత రాష్ట్రాల చట్టాలన్నింటినీ వెంటాడింది.

రాష్ట్రాలు, నగరాలు అప్పటికే బరిలో ఉన్నాయి. ఇండియానాపోలిస్ ఆర్కేడ్ ఆంక్షలను 2001లో, సెయింట్ లూయిస్ కౌంటీ ఆర్డినెన్సును 2003లో అప్పీలు కోర్టులు ఆపేశాయి. ఇల్లినాయ్, మిషిగన్, లూసియానా, ఓక్లహామా చట్టాలూ నిలవలేదు. మిన్నెసోటా అయితే అమ్మినవాడిని వదిలేసి, కొన్న పిల్లవాడికే 25 డాలర్ల జరిమానా అంది. దాన్ని 2008లో అప్పీలు కోర్టు నిలవనివ్వలేదు. ఆ చట్టం శిక్షను నేరుగా ఈఎస్ఆర్‌బీ రేటింగుకు ముడిపెట్టింది. అందులో ఇంకో చిక్కు ఉంది: ఒక ప్రైవేటు బోర్డు నిర్ణయం శిక్షగా మారుతుంది. ఆ బోర్డుకు ప్రజలు ఓటేయలేదు, దాని తీర్పు మీద కోర్టులో అప్పీలూ లేదు.

ఇక కాలిఫోర్నియా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. పిల్లల మనస్తత్వ నిపుణుడైన రాష్ట్ర చట్టసభ సభ్యుడు లీలండ్ యీ తెచ్చిన ఏబీ 1179 అనే బిల్లు మీద 2005 అక్టోబరులో గవర్నర్ ఆర్నాల్డ్ స్వార్జ్‌నెగర్ సంతకం చేశారు. పరిధిలోకి వచ్చే గేమును 18 నిండనివారికి అమ్మినా అద్దెకిచ్చినా 1,000 డాలర్ల వరకు జరిమానా. డబ్బా ముందు వైపు రెండు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పున '18' అని ముద్రించాలి. ఏది పరిధిలోకి వస్తుంది? ఆటగాడి ముందున్న అవకాశాల్లో 'మనిషి ప్రతిరూపాన్ని' చంపడం, అవయవాలు నరకడం, వికలం చేయడం, లైంగిక దాడి చేయడం ఉండాలి. దానిమీద ఇంకో మూడు షరతులు: పిల్లల్లోని వికృత ఆసక్తిని రెచ్చగొట్టాలి, పిల్లలకు ఏది తగునన్న సమాజ ప్రమాణాలకు బాహాటంగా విరుద్ధంగా ఉండాలి, పిల్లల దృష్ట్యా చెప్పుకోదగ్గ సాహిత్య, కళా, రాజకీయ, శాస్త్రీయ విలువ లేకుండా పోవాలి.

ఈ మూడు షరతులు అశ్లీలత చట్టం నుంచి ఎత్తి తెచ్చినవి. పెద్దలకు అమ్మదగ్గ లైంగిక పత్రికను పిల్లలకు అమ్మకుండా ఆపవచ్చని సుప్రీంకోర్టు 1968లో గిన్స్‌బర్గ్ కేసులో ఒప్పుకుంది. 'లైంగికం' ఉన్నచోట 'హింస' పెడితే సరిపోతుందని కాలిఫోర్నియా లెక్క వేసింది. సరిపోలేదు. అశ్లీలతను భావప్రకటన రక్షణ నుంచి బయట ఉంచడం ఆ దేశంలో ఎప్పటినుంచో ఉన్న సంప్రదాయం. హింసా వర్ణనకు అలాంటి మినహాయింపు ఏనాడూ లేదు.

ఈ చట్టం మీద గేముల పరిశ్రమ వేసిన కేసులో 2010 నవంబరు 2న సుప్రీంకోర్టులో వాదనలు విన్నవారికి నిర్వచనంలోని గండి అప్పుడే కనిపించి ఉంటుంది. జస్టిస్ సోటోమయర్ అడిగారు: మనిషి కాకుండా 'వల్కన్' అనే గ్రహాంతర జీవిని చిత్రహింస పెడితే మీ చట్టం వర్తిస్తుందా? రాదని రాష్ట్ర న్యాయవాది జవాబిచ్చారు, ఎందుకంటే చట్టంలో ఉన్నది 'మనిషి ప్రతిరూపం'. అదే ఆకారం, అదే అరుపు, అదే రక్తం. చెవులు కొద్దిగా కోసుగా గీస్తే చట్టం దాటిపోయింది. గేము తయారీదారుకు అది మధ్యాహ్నంలోపు ముగిసే పని.

2011 జూన్ 27న 7–2తో చట్టం కొట్టివేయబడింది. జస్టిస్ స్కేలియా తీర్పు రాశారు. మాటల మీద, బొమ్మల మీద ఆంక్ష పెట్టినప్పుడు కోర్టు అత్యంత కఠినమైన పరీక్ష పెడుతుంది: ఆపదలచిన హాని నిజమైనదై ఉండాలి, ఆంక్ష ఆ హానికి అతికినట్టు సరిపోవాలి. రెండింటిలోనూ రాష్ట్రం తప్పింది. గేమ్ ఆడటం వల్లే హాని జరుగుతుందని నేరుగా నిరూపించలేమని రాష్ట్రమే ఒప్పుకుంది. చూపిన పరిశోధనలు ఎక్కువగా సహసంబంధాన్ని చూపేవి, అంటే రెండూ కలిసి కనిపిస్తాయనేవే తప్ప ఒకటి రెండోదానికి కారణమని తేల్చేవి కావు. ఒక అధ్యయనంలో, హింసాత్మక ఆట ఆడి లేచిన పిల్లలు ఒక అక్షరం లోపించిన ఇంగ్లిష్ పదాన్ని 'అన్వేషించు' అనే అర్థం వచ్చేలా కాక 'పేలు' అనే అర్థం వచ్చేలా పూరించే అవకాశం ఎక్కువని తేలింది. ఆ కొలతకూ బడిలో జరిగే కొట్లాటకూ మధ్య చాలా దూరం ఉంది. పైగా అదే పరిశోధకుడి లెక్కల ప్రకారం ఆ ప్రభావం టీవీ కార్టూన్ల ప్రభావంతో దాదాపు సమానం. కార్టూన్లను వదిలి గేములనే ఎందుకు పట్టుకున్నారన్న ప్రశ్నకు జవాబు లేకపోయింది. ఇక తల్లిదండ్రులే కాదు, పిన్నో బాబాయో కొనిచ్చినా చట్టానికి అభ్యంతరం లేదు. అంత ప్రమాదకరమైన సరుకే అయితే అంత తేలికైన దారి ఎలా వదిలారని కోర్టు నిలదీసింది.

ఇది ఏకగ్రీవం కాదన్నది మరిచిపోకూడదు. జస్టిస్ అలిటో, ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఫలితంతో ఏకీభవించారు గానీ, కారణం చట్టం అస్పష్టంగా ఉండటమేనన్నారు. ఆటలో మునిగి తానే చేయడం వేరు, చదవడం వేరు కావచ్చని, ఆ తలుపు ఇప్పుడే మూయొద్దని రాశారు. జస్టిస్ బ్రయర్ విభేదించారు. 13 ఏళ్ల పిల్లవాడికి నగ్నచిత్రాల పత్రిక అమ్మకూడదనే చట్టం, ఒక స్త్రీని కట్టేసి హింసించి చంపే ఆటను అమ్మనివ్వడం ఏమిటన్న ఆయన ప్రశ్నకు ఈ రోజుకీ తృప్తికరమైన సమాధానం నాకు దొరకలేదు. జస్టిస్ థామస్ దారి వేరు: తల్లిదండ్రులను దాటి పిల్లలతో మాట్లాడే హక్కు ఎవరికీ రాజ్యాంగం ఇవ్వలేదన్నారు.

కేసు ముగిశాక పరిశ్రమ వకీళ్ల ఖర్చుల కింద కాలిఫోర్నియా 9.5 లక్షల డాలర్లు చెల్లించింది. ఆ డబ్బుతో ఎన్ని దుకాణాల్లో తనిఖీలు చేయించవచ్చో ఆలోచించండి. ఎందుకంటే తనిఖీలు పనిచేశాయి.

వినియోగదారుల రక్షణ చూసే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 13 నుంచి 16 ఏళ్ల పిల్లలను పెద్దల తోడు లేకుండా దుకాణాలకు పంపి, ఎం గేము కొనమని చెప్పి చూసేది. 2000లో నూటికి 85 మంది కొనగలిగారు. 2008లో 20 మంది. 2011లో వెల్లడించిన ఫలితాల్లో 13 మంది. అదే విడతలో, పెద్దల తోడు లేకుండా చూడకూడని సినిమాలకు టికెట్ సంపాదించినవారు నూటికి 33 మంది. ఇందుకు ఏ కొత్త చట్టమూ అక్కర్లేకపోయింది. బార్‌కోడ్ స్కాన్ కాగానే వయసు చూడమని తెర అడుగుతుంది. కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి శిక్షణ ఉంటుంది. ఏ దుకాణాల గొలుసు ఎంత శాతం విఫలమైందో కమిషన్ పేరుపెట్టి ప్రకటించేది. ఈ మూడోదే అసలు పట్టు. జరిమానాకు బెదరని సంస్థలు పత్రికలో తమ పేరు పక్కన ఉన్న అంకెకు బెదిరాయి.

కానీ ఆ కౌంటర్ ఇప్పుడు పిల్లవాడి జేబులోకి వచ్చేసింది. డౌన్‌లోడ్ దుకాణం పుట్టిన తేదీ అడుగుతుంది, పిల్లవాడు ఏదో ఒక సంవత్సరం కొడతాడు, తలుపు తెరుచుకుంటుంది. చాలా ఆన్‌లైన్ దుకాణాల్లో రేటింగ్ కూడా తయారీదారు నింపిన ప్రశ్నపత్రం నుంచి ప్రోగ్రామే లెక్కగట్టి ఇస్తుంది. తర్వాత జరిగే పరిశీలన మీదే ఆధారపడాలి. ఆటలో ఎదుటివాడు మైకులో ఏం మాట్లాడతాడో దానికి రేటింగ్ ఉండదు. ఇళ్లలో పిల్లల ఖాతా, వయసు పరిమితి, ఖర్చు పరిమితి, పిన్ నంబరు పెట్టే వీలు ఉంది. చాలాసార్లు అది ఎక్కడ తప్పుతుందంటే, యంత్రం తెచ్చిన రోజు తొందరలో తండ్రి తన పేరున పెద్దల ఖాతా ఒకటే తెరుస్తాడు, పిల్లవాడు దాంట్లోనే ఆడుతుంటాడు. పరిమితులన్నీ ఎవరూ వాడని పిల్లల ఖాతాకే ఉంటాయి.

అందుకే 2022 డిసెంబరు నాటి 'ఫోర్ట్‌నైట్' అనే ఆన్‌లైన్ ఆట వ్యవహారం నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. ఎపిక్ గేమ్స్ సంస్థ పిల్లల వ్యక్తిగత సమాచార చట్టం ఉల్లంఘనకు 27.5 కోట్ల డాలర్ల జరిమానా, మోసపూరిత బటన్లతో వసూలు చేసిన సొమ్ముకు 24.5 కోట్ల డాలర్ల వాపసు ఒప్పుకుంది. కమిషన్ ఆరోపణలు చూడండి: నిద్రావస్థలో ఉన్న ఆటను లేపబోతే కొనుగోలు జరిగిపోవడం, వస్తువును చూద్దామని నొక్కబోయి పక్క బటన్ తగిలితే డబ్బు పోవడం, పిల్లలకు కూడా అపరిచితులతో మాటలు మొదటినుంచే తెరిచి ఉండటం. ఆదేశం ప్రకారం పిల్లలకు, టీనేజర్లకు మాటలు, సందేశాలు మొదట మూసే ఉండాలి. ఫోర్ట్‌నైట్ తుపాకుల ఆట. అయినా తుపాకుల గురించి ఆదేశంలో ఒక్క ముక్క లేదు. భావప్రకటన స్వేచ్ఛ వాదనకు తావే దొరకలేదు.

2012 శాండీ హుక్, 2018 పార్క్‌లాండ్ బడుల్లో జరిగిన కాల్పుల తర్వాత వేళ్లు మళ్లీ గేముల వైపే చూపాయి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో, నిజమైన హింసకు గేములే కారణమనడానికి తగిన ఆధారం లేదని, అరవడం, తోయడం వంటి దురుసుతనంతో మాత్రం చిన్నదే అయినా స్థిరమైన సంబంధం కనిపిస్తోందని చెప్పింది. ఈ రెండు ముక్కల్లో ఎవరికి కావలసింది వారు తీసుకుని రెండోది దాచడం వేదికల మీద మామూలైపోయింది. ఏడేళ్ల పిల్లకు గొంతు కోసే ఆట వద్దనడానికి ఏ అధ్యయనమూ అక్కర్లేదు. అది కాల్పులకు కారణమనడానికి మాత్రం కావాలి.

ఇప్పుడు వాదన దుకాణం నుంచి యాప్ స్టోరుకు మారింది. 2025లో యూటా, ఆ వెంటే టెక్సస్, యాప్ స్టోర్లే వయసు తేల్చి, మైనర్లకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని చట్టాలు చేశాయి. 2025 జూన్ 27న, కాలిఫోర్నియా తీర్పు వచ్చి సరిగ్గా పద్నాలుగేళ్లకు, అశ్లీల వెబ్‌సైట్లు వయసు తనిఖీ చేయాలన్న టెక్సస్ చట్టాన్ని సుప్రీంకోర్టు 6–3తో నిలబెట్టింది, అదీ కఠిన పరీక్ష కాక కొంచెం సడలిన పరీక్షతో. దీన్ని చూసి హింసకూ ఇదే దారి పనికొస్తుందని సంబరపడేవాళ్లున్నారు. జాగ్రత్త. ఆ చట్టం నిలిచింది పిల్లల విషయంలో అశ్లీలమైన సరుకు మీద. 2011 తీర్పు చెక్కుచెదరకుండా ఉంది.

కాబట్టి బిల్లు రాసేవారికి నా సూచన ఇది. గేములో ఏముందన్నది రేటింగుకు వదిలి, ఖాతా మీద రాయండి. కొత్త ఖాతా తెరిచే తొలి తెరలోనే 'ఇది ఎవరి కోసం' అని అడగాలి. పిల్లలదైతే మాటలు, కొనుగోళ్లు మూసే ఉండాలి, వాటిని తెరిచే పిన్ పెద్దల ఫోనుకే రావాలి. ప్రతి కొనుగోలుకూ విడిగా ఒప్పుకోలు ఉండాలి, కార్డు వివరాలు దానంతటదే గుర్తుపెట్టుకోకూడదు. పిల్లలను కొనుగోలుదారులుగా పంపి చూసే తనిఖీ ఏడాదికోసారి ఆన్‌లైన్ దుకాణాల్లోనూ జరిపి, పేర్లతో సహా అంకెలు బయటపెట్టాలి. ఇక వయసు తేల్చడానికి గుర్తింపు కార్డు అడిగితే పిల్లలవే కాదు, పెద్దలందరి కార్డులూ ఒకచోట పోగుపడతాయి. తేలిన వెంటనే వాటిని చెరిపేయాలని, 'ఇంత వయసు దాటినవారు' అన్న జవాబు తప్ప ఇంకేదీ నిల్వ ఉండకూడదని, ఉల్లంఘిస్తే ఎంత జరిమానాయో సెక్షన్‌లోనే రాయాలి. అధికారులు తర్వాత నిబంధనల్లో చూసుకుంటారని వదిలేయకండి. కోర్టు చదివేది మీ ఉద్దేశాన్ని కాదు, ఆ సెక్షన్‌ను.

ఇక మీ ప్రశ్నలు అడగండి.