అయోవాలో బీటీ మొక్కజొన్న వేర్లు ఎవరు తినేశారు?

నమస్తే అండి. పురుగు పట్టకూడదనే రేటు ఎక్కువైనా బీటీ విత్తనం కొన్నారు, తీరా చూస్తే మొక్కలు ఒరిగిపోతున్నాయి, పీకి చూస్తే వేర్లు కొరికేసి ఉన్నాయి. 2009లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కొందరు మొక్కజొన్న రైతులకి జరిగింది ఇదే.

ఆ రకం మాన్‌శాంటో అనే విత్తన కంపెనీ 2003లో తెచ్చింది. వేర్లలోనే క్రై3బీబీ1 అనే ప్రోటీన్ తయారవుతుంది, ఆ వేర్లు కొరికితే ‘వేరు పురుగు’ (కార్న్ రూట్‌వార్మ్) చావాలి. అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఆరన్ గాస్‌మన్ అనే కీటక శాస్త్రవేత్త ఆ చేలల్లో పెంకు పురుగుల్ని (వేరు పురుగు పెద్దయితే అయ్యేది ఇదే) పట్టుకొచ్చి, వాటి పిల్లల్ని బీటీ మొక్కల మీద వదిలితే, మామూలు చేల పురుగుల కంటే ఎక్కువగా బతికాయి. 2011లో ఆ సంగతి బయటపెట్టారు.

ఆ చేలన్నిట్లో కనీసం మూడేళ్లు వరసగా అదే మొక్కజొన్న వేశారు. ఈ పురుగు మొక్కజొన్న చేలోనే మట్టిలో గుడ్లు పెడుతుంది, చలికాలం గడిచాక పిల్లలు బయటికొస్తే ఎదురుగా మళ్లీ మొక్కజొన్నే, ఇంకేం కావాలి?

నాకు కోపం వచ్చేది ఇంకో చోట. ఈ బీటీ డోసు పురుగులన్నిటినీ చంపేంత గట్టిది కాదు, కొన్ని మిగులుతాయి. మిగిలినవి వాటిలో అవే జతకట్టకుండా, పక్కన నాన్ బీటీ మొక్కలు వేసి మామూలు పురుగుల్ని కూడా బతకనివ్వాలి. అది సగం చేనులో వేయాలని 2002లో అమెరికా పర్యావరణ సంస్థ సలహా మండలిలో ఎక్కువమంది శాస్త్రవేత్తలు చెప్తే, ఆ సంస్థ 20 శాతం చాలంది. తర్వాత రెండు ప్రోటీన్లు కలిపిన విత్తనాలొచ్చాక 5 శాతానికి దించింది!

మన దగ్గర బీటీ మొక్కజొన్నకి అనుమతి లేదు గానీ, పత్తిలో గులాబీ రంగు పురుగు కథ ఇదే కదా. బీటీ పత్తి సంచితో అప్పట్లో వచ్చిన నాన్ బీటీ ప్యాకెట్ ఎంతమంది విత్తారు? పారేసిన వాళ్లలో మా ఇంట్లో వాళ్లూ ఉన్నారు, దాచేదేముంది.

అయోవాలో మందు సులువే, ఒక ఏడాది సోయా వేస్తే పిల్లలు తిండి లేక చస్తాయి. అయితే పక్కనున్న ఇల్లినాయిలో, ఈ బీటీ రాకముందే, 1990ల నాటికే, కొన్ని పురుగులు సోయా చేలలోకి వెళ్లి గుడ్లు పెట్టడం మొదలెట్టాయి, వచ్చే ఏడు అక్కడ వేసేది మొక్కజొన్నేనని ఎవరో చెప్పినట్టు.