తాళం తిప్పాక ఆ రెండు సెకన్లు

శ్రోతలకు నమస్కారం.

పాత పెట్రోలు కారును ఇంకా నడుపుకుంటున్న వాళ్లకు ఒక చిక్కు బాగా తెలిసే ఉంటుంది. పొద్దున్న ఇంటి దగ్గర బండి ఒక్క తిప్పుకే అందుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో గంటసేపు నిలబెట్టి వస్తే సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజను పలకదు. తీరా మెకానిక్ వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు స్టార్టయి, పిలిచినవాణ్ణి అబద్ధాలకోరును చేస్తుంది. పూర్తిగా చెడిపోయిన బండిని బాగుచేయడం తేలిక. అప్పుడప్పుడు చెడిపోయే బండితోనే కష్టం, ఎందుకంటే మనం చూసే వేళకు అందులో లోపమే ఉండదు. నాకిచ్చిన కొద్ది సమయంలో ఆ లోపాన్ని పట్టుకునే దారి ఒక్కటి చెబుతాను. అది నా బండి నాకు నేర్పిన దారి.

నాది 1999లో తయారైన కారు. కంపెనీ పేరు చెప్పను, ఈ జబ్బు ఆ కాలపు బండ్లలో ఒక్క కంపెనీ సొత్తు కాదు. కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చిన తరం అది. ఇలాంటి బండ్లలో పెట్రోలు పంపు ట్యాంకు లోపలే, పెట్రోలులో మునిగి ఉంటుంది. అదొక చిన్న కరెంటు మోటారు. మనం తాళాన్ని ఆన్ దాకా తిప్పగానే, సెల్ఫ్ కొట్టకముందే, బండిలోని కంప్యూటరు ఒక రిలే ద్వారా, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు ద్వారా, ఆ పంపును సుమారు రెండు సెకన్లు తిప్పి, గొట్టంలో పెట్రోలు ఒత్తిడిని సిద్ధం చేసి పెడుతుంది. ఆ రెండు సెకన్లూ వెనక సీటు కింద నుంచి తేనెటీగ రొద లాంటి సన్నని మోత వినిపిస్తుంది. ఆ మోతను గుర్తుపెట్టుకోండి, ఈ ప్రసంగమంతా దాని గురించే.

ఒక మే నెలలో నేనూ మా ఆవిడా విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్తూ సూర్యాపేటలో భోజనానికి ఆగాము. తిని వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ గట్టిగా తిరిగింది గాని ఇంజను అందుకోలేదు. సాయంత్రం ఎండ వాలాక మాత్రం, ఎవరూ చెయ్యి వేయకుండానే, మొదటి తిప్పుకే స్టార్టయింది. ఆ నెలలోనే ఇంకో మూడుసార్లు ఇదే జరిగింది, మూడుసార్లూ మధ్యాహ్నమే జరిగింది. మా వీధి చివరి షెడ్డులో మొదట స్పార్కు ప్లగ్గులు మార్చారు, తరవాత బ్యాటరీ మార్చారు. సెల్ఫ్ అంత గట్టిగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీ మీద అనుమానం దేనికన్న ప్రశ్న ఆ రోజు నాకు తట్టనే లేదు. చివరికి వేలు పోసి పెట్రోలు పంపే మార్చారు. ఆ వారం మబ్బు పట్టి ఉండటంతో బండి బాగానే నడిచింది, నేనూ సంతోషించాను. ఎండ కాసిన మొదటి రోజే మళ్లీ ఆగింది.

అప్పుడు ఆటోనగర్‌లో కార్ల వైరింగు పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్టు కూడా ఎత్తలేదు. "ఆగినప్పుడు సెల్ఫ్ తిరుగుతోందా సార్?" అని అడిగారు. తిరుగుతోందన్నాను. "తాళం వేయగానే వెనక పంపు మోగిందా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అయిదుసార్లు బండి ఆగి నిలబడ్డాను గాని ఒక్కసారీ చెవి పెట్టి వినలేదు. "అయితే ఇప్పుడు బండిని ముట్టుకోను. రేపు మధ్యాహ్నం తెచ్చి, అద్దాలన్నీ ఎత్తి, ఇక్కడే ఎండలో పెట్టండి. జ్వరం లేనప్పుడు థర్మామీటరు పెట్టి ఏం లాభం?" అన్నారు. వేలు ఖర్చుపెట్టిన తరవాత మొదటిసారిగా నాకు సరైన వైద్యుడు దొరికాడనిపించింది.

మర్నాడు రెండు గంటలకు బండి అనుకున్నట్టే మొరాయించింది. పెద్దాయన తలుపులన్నీ బార్లా తెరిచి, వెనక సీటు ఎత్తి, పంపుకు వెళ్లే వైర్ల కనెక్టరును ఊడదీయకుండానే, దాని వెనక నుంచి టెస్ట్ లాంపు తగిలించారు. టెస్ట్ లాంపంటే మరేమీ కాదు, రెండు వైర్లకు కట్టిన చిన్న బల్బు. తగిలించడమంతా అయ్యాకే నన్ను తాళం తిప్పమన్నారు, పెట్రోలు ఆవిరి ఉండే చోట నిప్పురవ్వకు అవకాశమివ్వకూడదు కాబట్టి. నేను తాళం తిప్పాను. బల్బు వెలగలేదు, పంపు మోగలేదు. అంటే నేను వేలు పోసి మార్పించిన పంపుకు అసలు కరెంటే చేరడం లేదు.

ఆయన ముందుకు వచ్చి, డ్యాష్‌బోర్డు కింద దూరి, అగ్గిపెట్టె అంత రిలేను వెతికి పట్టుకుని, స్క్రూడ్రైవరు పిడితో దాని మీద మెల్లగా తట్టారు. నన్ను మళ్లీ తాళం తిప్పమన్నారు. వెనక బల్బు ఒకసారి మిణుక్కుమంది. ఇంకోసారి తట్టారు, బల్బు నిలకడగా వెలిగింది, తేనెటీగ రొద వినిపించింది. రిలే మూత తీసి భూతద్దంలో చూపిస్తే, లోపలి సర్క్యూట్ పలక మీద ఒక లోహపు కాలి చుట్టూ ఉన్న టంకంలో వెంట్రుకంత సన్నని గీత, వడ్డాణంలా గుండ్రంగా చుట్టుకుని కనిపించింది. దీన్ని వాళ్లు డ్రై సోల్డర్ అంటారు.

ఆ గీత ఎందుకు పడుతుందో చెబుతాను. కాలి లోహమూ, టంకమూ, పలకా వేడికి ఒకే కొలతలో సాగవు. రోజూ మధ్యాహ్నం కాగి, రాత్రి చల్లారి, ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటే చివరికి టంకం అలసి చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు చిట్లిన అంచులు ఒకదానికొకటి ఆనుకుని కరెంటును పోనిస్తాయి. కారు లోపల ఎండకు డ్యాష్‌బోర్డు కాగినప్పుడు విడిపోతాయి. అందుకే పొద్దున్న బాగుండి మధ్యాహ్నం చెడుతుంది, అందుకే మబ్బు పట్టిన వారం పంపును మార్చిన వాళ్లకు మంచి పేరు వచ్చింది. పెద్దాయన పాత టంకం కరిగించి, ఆ కాలితో పాటు మిగిలిన కాళ్లన్నిటికీ కొత్త టంకం వేశారు. దానికి పట్టిన సమయం ఒక టీ తాగేంత.

మీ బండిలోనూ రిలేయే దోషి అని నేననడం లేదు. పంపు మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు అరిగిపోతే, కరెంటు వచ్చినా అది ఒక్కోసారి తిరగదు. అప్పుడు ట్యాంకు అడుగున అరచేత్తో చరిస్తే తిరగడం మొదలుపెడుతుంది, అలా జరిగితే పంపు మార్చక తప్పదు. ఎప్పుడూ రిజర్వులోనే బండి నడిపేవాళ్లకు ఈ చావు తొందరగా వస్తుంది, ఆ పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి. బల్బు వెలిగింది కదా అని కరెంటు సరిపడా ఉందనుకోవడమూ పొరపాటే. చిన్న బల్బుకు చాలిన కరెంటు పంపుకు చాలదు, అందుకని పంపు తగిలించి ఉండగానే మీటరుతో ఓల్టేజీ చూడాలి. 12కు దగ్గరగా ఉండాల్సిన చోట 9 చూపిస్తే తుప్పు పట్టిన కనెక్టరునో, వదులైన ఎర్తునో వెతకాలి. పంపు చక్కగా మోగుతున్నా ఇంజను అందుకోకపోతే, ప్లగ్గు దగ్గర స్పార్కు వస్తోందా అన్నది తరవాతి ప్రశ్న, వేడికి మొరాయించే భాగాలు ఆ వైపూ ఉన్నాయి. ఇక అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో ఇంజను పక్కనుండే పంపు మీద తడిగుడ్డ వేసి బండి స్టార్టు చేసిన పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అక్కడ పెట్రోలు గొట్టంలోనే ఆవిరై దారికి అడ్డం పడేది, అది వేరే జబ్బు. ట్యాంకులో మునిగి ఉన్న పంపుకు తడిగుడ్డ వైద్యం పనికిరాదు.

కాబట్టి బండి ఈసారి ఆగినప్పుడు, కంగారులో సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టకండి. తాళం పూర్తిగా తీసి ఒక నిమిషం ఆగండి, ఎందుకంటే వెంటవెంటనే తిప్పితే కొన్ని బండ్లలో పంపు రెండోసారి మోగదు. ఫ్యాను కట్టేయండి, రేడియో కట్టేయండి. ఆకాశవాణి వారు నన్ను మన్నించాలి. తాళాన్ని ఆన్ దాకా మాత్రమే తిప్పి, వినండి. వెనక మోత వినబడిందా, లేదా? రోడ్డు మీద రణగొణగా ఉంటే, ఒకరు తాళం తిప్పుతుండగా ఇంకొకరు పెట్రోలు మూత తీసి అక్కడ చెవి పెట్టవచ్చు, దగ్గరలో బీడీ సిగరెట్లు లేకుండా చూసుకుని. విన్నది ఒక కాగితం మీద రాయండి. మోగిందో లేదో, వేళ ఎంతో, ట్యాంకులో పెట్రోలు ఎంతుందో రాస్తే చాలు. మెకానిక్ దగ్గరికి బండితో పాటు ఆ కాగితం వెళ్తే, ఆయన ఏ వైపు నుంచి వెతకాలో తేలిపోతుంది. పెట్రోలు గొట్టాలు విప్పడం మాత్రం మీరు చేయకండి, ఇంజను ఆగి ఉన్నా వాటిలో ఒత్తిడి నిలిచి ఉంటుంది.

ఆ రిలే ఇప్పటికీ నా బండిలోనే ఉంది. నేనిప్పటికీ తాళం తిప్పి, సెల్ఫ్ కొట్టే ముందు రెండు సెకన్లు ఆగుతాను. మొదట్లో మా ఆవిడ "ఏం వింటున్నారు?" అని విసుక్కునేది. ఇప్పుడు నేను తాళం మీద చెయ్యి వేయగానే ఫ్యాను తనే కట్టేసి, తనూ వెనక్కి తిరిగి చెవి ఒగ్గుతోంది.