ప్రిసీడ్: ఏది ముందు, ఏది తర్వాత?

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు పిల్లలు ఇంగ్లీషు గడగడా మాట్లాడేస్తారు. మీటింగైనా ఫోనైనా బెదురు లేదు. తడబాటంతా కాగితం మీది ఇంగ్లీషు దగ్గరే. ఆఫర్ లెటర్లలో, సెలవు నిబంధనల్లో, అద్దె ఒప్పందాల్లో తరచూ ఎదురయ్యే ఒక క్రియ గురించి ఈ పూట చెబుతాను. ఆ క్రియ ప్రిసీడ్. ఒకదానికంటే ముందు రావడం అని అర్థం. అర్థం చాలామందికి తెలుసు. వాక్యంలో ఏది ముందో, ఏది తర్వాతో తేల్చుకోవడం దగ్గరే చిక్కు.

ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లులు పడతాయి. నైరుతి రుతుపవనాలు ఆ తర్వాత వస్తాయి. దీన్ని ఇంగ్లీషులో 'మ్యాంగో షవర్స్ ప్రిసీడ్ ద మాన్సూన్' అంటారు. వాక్యంలో ముందున్న జల్లులే కాలంలోనూ ముందు. అదే మాటను తిప్పి, 'ద మాన్సూన్ ఈజ్ ప్రిసీడెడ్ బై మ్యాంగో షవర్స్' అని కూడా రాస్తారు. ఇప్పుడు రుతుపవనాలు వాక్యంలో మొదట ఉన్నాయి, కానీ ఆకాశంలో మొదట వచ్చింది జల్లులే. 'బై' కనిపించిందంటే దాని పక్కనున్నదే ముందు జరిగిందని గుర్తు. 'ఫాలోడ్ బై' అన్నప్పుడు సరిగ్గా దీనికి ఎదురు: 'బై' పక్కనున్నది తర్వాత జరుగుతుంది. రిపోర్టులు చదివేటప్పుడు ఈ రెంటి దగ్గరా ఒక్క క్షణం ఆగండి.

మనవాళ్లు తరచూ రాసే ఇంకో మాట 'ప్రిసీడ్ టు'. ఇది ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. 'రుతుపవనాలకు ముందు' అంటాం కదా, ఆ 'కు' ఇంగ్లీషులోకి 'టు' అయి దూరుతుంది. ప్రిసీడ్‌కు ఆ 'టు' అక్కర్లేదు. 'ప్రిసీడ్ బిఫోర్' కూడా వద్దు. ముందు అన్న అర్థం ఆ క్రియలోనే ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను మారతహళ్లిలో సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతుంటాను. ఆమధ్య అనంతపురం వైపు అమ్మాయి ఒకామె వచ్చింది, నిండు నెలలకు దగ్గర్లో ఉంది. ఆఫీసు వాళ్లు పంపిన ప్రసూతి సెలవు నిబంధన ఫోన్‌లో చూపించింది. కాన్పు తేదీకి 'ఇమీడియట్లీ ప్రిసీడింగ్' పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలని అందులో ఉంది. "అక్కా, నేను చేరింది మొన్న సెప్టెంబరులోనే. ఇంకా పన్నెండు నెలలు చేస్తేగానీ సెలవు ఇవ్వరా?" అని అడిగింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఆ అమ్మాయి పొరపడడంలో వింతేమీ లేదు. తెలుగులో 'ముందు' రెండు వైపులా చూసే మాట. 'ముందే చెప్పాను' అంటే గడిచిపోయినది. 'ముందుముందు చూద్దాం' అంటే రాబోయేది. మంచి రోజులు ముందున్నాయి అని కూడా అంటాం. ప్రిసీడింగ్ అంటే 'ముందున్న' అని గుర్తుపెట్టుకుంటే మనసు రాబోయే నెలల వైపే పోతుంది. అందుకే నేను దాన్ని 'అంతకు ముందు గడిచిన' అని చెప్పిస్తాను.

గోడ మీది క్యాలెండర్ తీసి ఆమె చేతికిచ్చాను. కాన్పు తేదీ మార్చి 10. అక్కడ వేలు పెట్టి వెనక్కి జరపమన్నాను, నిరుడు మార్చి దాకా. ఇమీడియట్లీ అన్నారు కాబట్టి నడుమ ఖాళీ ఉండదు, ఆ తేదీని ఆనుకునే లెక్క మొదలవుతుంది. జనవరి నుంచి డిసెంబరు అన్న క్యాలెండరు సంవత్సరంతో దీనికి పని లేదు. ఆ పన్నెండు నెలల్లో 80 రోజులు ఉంటే చాలు. సెప్టెంబరు నుంచి లెక్కపెడితే ఆమెకు అంతకంటే ఎక్కువే తేలాయి. నవంబరు పేజీ దాటగానే ఆమె ముఖం తేటపడింది.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం నుంచి వచ్చింది ఆ నిబంధన. ఆ చట్టాన్ని 2017లో సవరించి, ఇద్దరికంటే తక్కువ పిల్లలున్న తల్లికి సెలవును 26 వారాలకు పెంచారు. అందులో 8 వారాలకు మించి కాన్పు తేదీని 'ప్రిసీడ్' చేయకూడదని రాశారు. ఇక్కడా కొందరు 8 వారాలు ముందే వాడి తీరాలనుకుంటారు. అది గరిష్ఠ పరిమితి. ముందు నాలుగు వారాలే తీసుకుంటే, మిగతా 22 వారాలు బిడ్డ పుట్టాక వాడుకోవచ్చు. చంటిబిడ్డ తల్లికి ఒక్కో వారం ఎంత విలువైనదో వేరే చెప్పాలా?

మాటల్లో ఈ క్రియ వాడమని నేను ఎవరికీ చెప్పను. స్నేహితులతో మాట్లాడేటప్పుడు 'బిఫోర్' చక్కగా సరిపోతుంది. రాతలో కనిపించినప్పుడు మాత్రం తప్పు చదవకండి. అర్థం కాకపోతే హెచ్ఆర్ వాళ్లను అడిగి, తేదీలతో సహా మెయిల్లో రాయించుకోండి.

ఉచ్చారణలో దగ్గరగా ఉండే ఇంకో మాట ప్రొసీడ్. ముందుకు సాగడం అని అర్థం. దానికి 'టు' కలుస్తుంది: ప్రొసీడ్ టు గేట్ నంబర్ త్రీ. స్పెల్లింగు రాసుకోండి. ప్రిసీడ్: పి ఆర్ ఈ, సి ఈ డి ఈ. ప్రొసీడ్: పి ఆర్ ఓ, సి, డబుల్ ఈ, డి. ఇలా సి తర్వాత డబుల్ ఈ, డి వచ్చే సాధారణ క్రియలు మూడే: ప్రొసీడ్, ఎక్సీడ్, సక్సీడ్. ప్రొసీడ్‌కు చుట్టమే అయినా ప్రొసీజర్‌లో మాత్రం సి తర్వాత ఒకటే ఈ.

సెలవు.